కాశీలో వదిలిన టీ

మా అత్త కాశీ వెళ్ళి టీ వదిలేసి వచ్చింది. వదలడానికి ఆవిడకి ఇంకేమీ దొరకలేదు.

కాశీ వెళ్ళినవాళ్ళు తమకిష్టమైనది ఒకటి అక్కడ వదిలేసి రావాలి. పండో, కూరో, అలవాటో ఏదైనా సరే, గంగలో నిలబడి వదిలాక బతికున్నంతకాలం ముట్టుకోకూడదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎలా వదిలితే నష్టం ఉండదో కూడా అందరికీ తెలుసు. మా ఊళ్ళో కాశీ వెళ్ళొచ్చిన ముసలమ్మల్లో సగంమంది కాకరకాయ వదిలారు. మా అత్త తోటికోడలు ఆపిల్ పండు వదిలింది. ఆవిడ ఆపిల్ పండుని కేలండరు బొమ్మలో తప్ప ఎక్కడా చూసి ఎరగదు. వీళ్ళందరినీ రైల్లో వెంటబెట్టుకుని తీసుకెళ్ళిన పెద్దాయన మా మావకి పెదనాన్న కొడుకు. కాశీ దారి ఆయనకి పెరటి దారి కాబట్టి ఊరంతా ఆయన్ని కాశీ మావ అనేది. ఆయన మొదటిసారి వెళ్ళినప్పుడు చుట్ట వదిలేసి బీడీ అందుకున్నాడు. తర్వాత బీడీ వదిలేసి ముక్కుపొడుం అందుకున్నాడు. అంత తెలివైనవాళ్ళ మధ్య నిలబడి, మా మావ అస్థికలు గంగలో కలిపిన చేత్తోనే, మా అత్త టీ వదిలేసింది. అరవయ్యో దశకం చివర్లో మాట ఇది. మాది విజయనగరానికి ఆనుకుని ఉన్న ఊరు. కాస్త వరి, కాస్త గోగు, ఒక గేదె, ఒక కోడలు. ఆ కోడల్ని నేను.

తిరిగొచ్చిన రోజు మా అత్త గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే చెప్పింది.

"టీ ఒగ్గేసినాను. ఈ ఇంట్లో ఇంక టీ వాసన రాకూడదు."

టీపొడి డబ్బా ఆవిడే తీసి చాకలామెకి ఇచ్చేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. ఆవిడ వదిలితే ఆవిడ మానెయ్యాలి. నేను కాశీ వెళ్ళానా? గంగలో మునిగానా? కనీసం రైలెక్కానా? శ్రీకూర్మం దగ్గర మా పుట్టింట్లో పాలు మరిచిన రోజులున్నాయి గానీ టీ మరిచిన రోజు లేదు. అలాంటిదాన్ని పట్టుకొచ్చి, పుణ్యం ఆవిడకీ, పస్తు నాకూ పంచిపెడితే ఏమనుకోవాలి?

మగాళ్ళకేం. మా ఆయన గోగునార మిల్లులో పనికి వెళ్తూ వెళ్తూ విజయనగరం మూడు లాంతర్ల కూడలిలో టీ కొట్టు దగ్గర సైకిలు దిగి, వేడివేడిగా ఒక గ్లాసు తాగి, మీసం తుడుచుకుని వెళ్ళిపోయేవాడు. సాయంత్రం వచ్చి నా మొహం చూసి, "ఏటలాగున్నావు?" అని అడిగేవాడు. ఎలాగుంటాను? ఆ రోజుల్లో ఆడది టీ కొట్టు బెంచీ మీద కూర్చుని టీ తాగితే ఇంటికొచ్చేలోపే ఆ కబురు సాలూరు దాకా లారీ ఎక్కి వెళ్ళిపోయేది. ఒకసారి ఆయన్ని బతిమాలి మూత ఉన్న కేనులో కాస్త తెప్పించుకున్నాను. మూత తీసీ తియ్యకముందే మా అత్త పెరట్లోంచి వచ్చింది. చాప చంకన పెట్టుకుని గేదె పాకలోకి వెళ్ళి పడుకుంది. ఊరంతా వచ్చి, కోడలు అత్తని పాకలో పెట్టిందని చూసిపోయింది. ఇంక మళ్ళీ తెప్పిస్తే ఒట్టు.

పోనీ, వదిలేసి ఆవిడ సుఖంగా ఉందా అంటే అదీ లేదు. తలనొప్పని తలకి గుడ్డ బిగించి కట్టుకునేది. తెల్లవారకముందే లేచి వెలిగించని చలి పొయ్యి ముందు ఊరికే కూర్చునేది. నేను లేచి వెళ్తే చాలు, ముగ్గు వంకరని, మజ్జిగ పులుపని, నేను నడిస్తే గాజులు చప్పుడవుతున్నాయని మొదలుపెట్టేది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కాశీలో పెట్టుకున్న నియమం వచ్చి నా నెత్తిన పడింది.

అసలు మావ బతికుండగా ఈ ఇంట్లో టీకి లోటు లేదు. నిజం చెప్పొద్దూ, అప్పుడా టీ అంటేనే నాకు ఒళ్ళు మంట. తొలికోడి కూయకముందే అత్తా మావా వంటింట్లో చేరి కాచుకునేవారు. పెళ్ళైన కొత్తలో నేనూ లేవబోతే మావే వద్దన్నాడు. "నువ్వు తొంగో అమ్మా, తెల్లారినాక లెగుద్దువు గాని" అన్నాడు. ఎంత మంచి మావ దొరికాడో అనుకున్నాను. తెల్లారి లేచి చూస్తే కళాయి గిన్నె అడుగంతా మాడి బొగ్గై నూతి గట్టు మీద నాకోసం కూర్చుని ఉండేది. రోజూ అంతే. నాకు విడిగా కాచుకోవాలంటే ముందు ఆ గిన్నె తోమాలి. బూడిద, చింతపండు, కొబ్బరి పీచు, చివరికి నా గోళ్ళు. ఇంత వయసొచ్చిన మనిషికి టీ మాడకుండా కాయడం రాలేదేమిటని అత్తని తిట్టుకుంటూ తోమేదాన్ని. టీయే లేకుండా పోయాక ఆ మాడు గిన్నె కూడా దేవుడిలా కనిపించింది.

అలాంటి రోజుల్లో మా అన్న వచ్చాడు.

మా అన్నకి విశాఖపట్నం ఓడరేవులో పని. ఇనుప రాయిని జపాను ఓడల్లోకి ఎక్కించే చోట ఉండేవాడు. ఆ ఎర్రదుమ్ము ఎన్ని ఉతుకులు ఉతికినా అతని బట్టల్ని వదిలేది కాదు. ఒక ఓడలో వంటవాడికి మా అన్న అన్నం కేరియరులో ఉన్న ఎండు మెత్తళ్ళ వాసన తగిలిందట. వేలెడు లేని ఆ ఎండు చేపల్ని చూసి తప్పిపోయిన చుట్టాల్ని చూసినట్టు సంబరపడిపోయాడట. మా అన్న మర్నాడు భీమిలి మెత్తళ్ళు ఒక పొట్లం పట్టుకెళ్ళి ఇస్తే, అతను బదులుగా ఒక రేకు డబ్బా ఇచ్చాడు. దాని మీద కొంగ బొమ్మ, కింద కట్టెపుల్లలు పేర్చినట్టు జపాను అక్షరాలు. లోపల ఎండిపోయిన గోధుమరంగు ఆకు, మధ్యమధ్య సన్నటి పుల్లలు.

"ఏటిది, కసవు తెచ్చినావా?" అన్నాను.

"టీ యే సెల్లీ. జపానోళ్ళు పచ్చ టీ ఆకుని మంట మీద ఏయించేస్తారంట. హోజిచా అన్నాడు ఆ వంటోడు. నీకిక్కడ టీ నేదని తెచ్చినాను. దీనికి మన టీ వాసన రాదు."

మా అన్న మీద నాకు అంతకుముందెప్పుడూ అంత ప్రేమ కలగలేదు. అత్త పొలం వైపు వెళ్ళింది కదా అని గబగబా నీళ్ళు పెట్టాను. ఇంక మా అన్న పక్కన నిలబడి ఆజ్ఞలు మొదలుపెట్టాడు. మరిగించకు. పాలు పొయ్యకు. పంచదార ఎయ్యకు. కలపకు.

"మరి నాను సేసీదేటి? ఒడ్డున కూకుని సూడ్డమా?"

"అంతే. మూతెట్టి సూడు."

మొదటి గుక్కకి వేయించిన సోళ్ళ వాసన తగిలింది. మీరు రాగులంటారే, అవే. రెండో గుక్కకి బెల్లం పాకం అడుగంటినప్పటి వాసన. చేదు లేదు, వగరు లేదు. పాలూ పంచదారా లేని టీ తాగడం నా జన్మలో అదే మొదలు. అయినా ఆ వెచ్చదనం గొంతులోంచి దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడే గుమ్మం దగ్గర చప్పుడైంది. మా అత్త.

పాకలోకి చాప వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. నేరుగా వచ్చి డబ్బా తీసుకుంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే చాలాసేపు ఉండిపోయింది. డబ్బా దించాక చూస్తే ఆవిడ మొహం నాకు తెలిసిన మొహంలా లేదు.

"ఏటిది?"

జపాను దేశపు గింజలేవో కషాయం కాచామని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే మా అన్న అందుకున్నాడు. అతని నోట్లో నువ్వు గింజ నానదు.

"టీయే అత్తా. ఏయించిన టీ."

కాలు తొక్కాను. లాభమేముంది, మాట బయటికొచ్చేసింది. మా అత్త డబ్బా కేసి చూసింది, నా కేసి చూసింది.

"ఏయించీసినాక అది టీయేనా?" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఆశ ఉంది. రేపు బడికి సెలవు ఇస్తారా అని పిల్లలు అడిగినట్టు అడిగింది. కాశీ నుంచి వచ్చాక ఆవిడ దేన్నైనా కావాలనుకోవడం నేను అప్పుడే చూశాను. ఇదే సమయమని అందుకున్నాను.

"కాదత్తా. ఒడ్లు అటుకులైపోనాక ఒడ్లంటామేటి? ఏయించీసినాక అది ఇంకేటో. నువ్వు తాగొచ్చు."

"నువ్వలాగే సెప్తావు. నీకు టీ కావాల." ఇలాంటప్పుడు మాత్రం ఆవిడ బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. "మీ మావ పేరు సెప్పి గంగలో నిలబడి ఒగ్గినాను. తప్పితే ఆయనకి నీళ్ళందవు. బావనడగండి. బావ కాదంటే తాగుతాను. టీయే అంటే ఆ డబ్బా గేటు దాటించీయండి."

అంటే, ఆవిడ తలగుడ్డ ఊడాలన్నా, నా పొయ్యి మీద టీగిన్నె ఎక్కాలన్నా కాశీ మావ ఒక్క మాట అనాలి. ఒక్క మాటే కదా అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

కాశీ మావ కబురందగానే వచ్చాడు. ఊరక రారు మహానుభావులు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని, మా అన్న చెప్పినట్టే పాలూ పంచదారా లేకుండా ఇచ్చిన గ్లాసు మెల్లగా, కళ్ళు మూసుకుని తాగాడు. మా అత్త తలుపు వెనక ఇటు వీపు పెట్టి కూర్చుంది.

"కషాయంలాగున్నాది," అన్నాడు. "కానీ టీ లాగ్గూడా ఉన్నాది. ధర్మం శానా సన్నటిది. ఒక్క గ్లాసుతో తేలీది కాదు. రేపు పాలోసి సూడాల."

మా గేదె చూడితో ఉండి వట్టిపోయింది కాబట్టి, మర్నాడు పొరుగింటి నుంచి తెచ్చిన చిక్కటి గేదె పాలలో ఆకు మరిగించి, బెల్లం వేసి ఇచ్చాను. అదెంత బాగుందో చెప్పలేను. మాడీ మాడని బెల్లం రుచీ, గేదె పాల చిక్కదనం, వెనకాల సన్నగా పొగ. జపాను వాళ్ళకి ఈ సంగతి తెలియదు కాబోలు, పాపం. కాశీ మావ మళ్ళీ ఇంకో గ్లాసు పోయించుకుని తాగి, "పాలోస్తే టీయే అనిపిస్తన్నాది. పాలు తీసీస్తే కాదనిపిస్తన్నాది. సల్లారబెట్టి సూస్తే తెలుస్తాది. రేపొస్తాను," అన్నాడు.

ఆ రేపు చల్లార్చి ఇచ్చాను. ఆ తర్వాత రేపు ఆపిల్ పండు వదిలిన తోటికోడల్ని సాక్ష్యానికి వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ రెండు గ్లాసులు తాగి, "నాకేటి తెలుస్తాది బావా, నువ్వే సెప్పాల," అంది. ఇంకో రేపు, నీళ్ళల్లో కాదు, తీపిలో వేస్తే గుణం బయటపడుతుందన్నాడు. కొబ్బరి కోరి, బెల్లం పాకంలో ఆ ఆకు కషాయం పోసి లౌజు చేశాను. ఉండలన్నీ తిని, నాలుగు కండువాలో కట్టుకుని, ఇంటిదగ్గర నిదానంగా ఆలోచిస్తానని వెళ్ళాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా అన్న మెత్తళ్ళకి వచ్చిన డబ్బా మా మావ అన్నగారి ధర్మసందేహానికి ఖర్చైపోతోంది. నేను ఆయన ముందర తాగలేను. ఆయన వెళ్ళాక చూస్తే గిన్నెలో ఆకు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ ఆకు మీదే మళ్ళీ వేడినీళ్ళు పోసుకుని తాగేదాన్ని.

ఆయన వీధి మలుపు తిరగ్గానే తలుపు వెనకనించి మాట వచ్చేది.

"బావేటన్నాడు?"

"రేపు సెప్తాడంట."

"ఊఁ" అనేది. ఇంక సాయంత్రం దాకా నా ముగ్గూ, నా మజ్జిగా, నా గాజులూ.

మా ఆయనతో మొరపెట్టుకుంటే, "పెద్దోడు, తొందరపెట్టకు," అన్నాడు. ఆయనకేం తొందర, మూడు లాంతర్లు ఎక్కడికీ పోవు కదా.

చివరికి కాశీ మావ ఒకరోజు ఆ ఆకుని చిటికెడు అరచేతిలో నలిపి పొడుంలా పీల్చాడు. ముక్కుకి తెలిసినంత నాలుక్కి తెలియదట. తుమ్మాడు. ఆ తుమ్ములకి పాకలో గేదె తాడు తెంపుకోబోయింది. మర్నాడు పొద్దున్న అది ఈనింది. కాశీ మావ తుమ్ముకే ఈనిందని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

దూడ నిలబడింది, జున్నుపాలు వచ్చాయి. ఇరుగుపొరుగు ఇళ్ళకి చెంబులతో పంచాం. మా ఇంటికి మిగిలిన పాలు చూస్తే నాకో ఆలోచన వచ్చింది. డబ్బా అడుగున ఇంకా కాస్త ఆకు ఉంది. ఇవాళ ఈ పెద్దమనిషి చేత తీర్పు చెప్పించకపోతే నా పేరు మార్చుకుంటాననుకున్నాను. పొరుగింటి మామూలు పాలు వేడిచేసి, అందులో గుప్పెడు ఆకు వేసి మూతపెట్టి, రంగు దిగాక వడకట్టి చల్లార్చాను. వేడిగా కలిపితే జున్నుపాలు విరిగి ముద్దలవుతాయి. అందులో బెల్లం, మిరియాల పొడి, ఏలకులు. అన్నీ జున్నుపాలలో కలిపి గిన్నెలో పోసి ఆవిరి మీద ఉడికించాను. మూత తీస్తే తేనెరంగులో, తాకితే వణికేంత మెత్తగా పేరుకుంది. ఆ వాసన ఇల్లంతా నిండి వీధిలోకి పోయింది. కాశీ మావని పిలవక్కర్లేకపోయింది.

"పెదమావా, ఈ జున్ను తిని ఇయ్యాలే సెప్పీయాల. డబ్బా ఖాళీ అయిపోతన్నాది," అన్నాను.

ఖాళీ అనగానే ఆయన మొహంలో ధర్మం తేలిపోయింది. ఒక ముక్క తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. పళ్ళెం పక్కన పెట్టి సవరించుకుని కూర్చున్నాడు.

"ఇది టీయే. అందులో అనుమానం నేదు. నాకు మొదట్రోజే తెలిసిపోనాది."

మొదటి రోజే! నా చేతిలో ఉన్నది గరిటె. కాబట్టి ఆయన బతికిపోయాడు.

"కానీ మరదలా," అని తలుపు వైపు తిరిగి గొంతు పెంచాడు, "నువ్వు కాశీలో తాగడం ఒగ్గినావు. తినడం ఒగ్గినావా? నేదు. నానక్కడే ఉన్నాను గదా. ఇది జున్ను. కొరికి తినీది. నీకే దోసం నేదు. తినీసీ."

అన్ని రోజులు నా ప్రాణం తోడేసిన మనిషి నోటి నుంచి ఆఖరికి పనికొచ్చే మాట వచ్చింది. చుట్ట నుంచి బీడీకి, బీడీ నుంచి పొడుంకి దారి కనిపెట్టినవాడు ఊరికే పోతాడా! పెద్ద ముక్క కోసి పళ్ళెంలో పెట్టి మా అత్త చేతికిచ్చాను. ఆవిడ పళ్ళెం ఎత్తి మొహం దగ్గరికి తెచ్చుకుంది. తింటుందని చూస్తున్నాను. తినలేదు. కళ్ళు మూసుకుని వాసన చూసింది. పళ్ళెం కింద పెట్టేసింది.

"నువ్వు సుట్ట ఎలా ఒగ్గినావో నాకు తెలుసు బావా. నానలా ఒగ్గలేను."

నేను ఆవిడ ముందుకెళ్ళి నిలదీశాను.

"ఏటత్తా ఇది! అంత ఇష్టమైనప్పుడు టీ ఎందుకొగ్గినావు? అందరిలాగా కాకరకాయ ఒగ్గొచ్చు గదా?"

"నాకు టీ ఇష్టమని ఎవలు సెప్పినారే నీకు?" అంది మా అత్త.

జున్ను పళ్ళెం మీంచి కళ్ళు ఎత్తకుండానే చెప్పుకుపోయింది.

"టీ నాను కాదు, మీ మావ కాసీవోడు. కాపరానికొచ్చిన కాడ్నుంచి ఆడే కాసీవోడు. మగోడు టీ కాత్తే నవ్వుతారని మీరంతా తొంగున్నప్పుడు కాసీవోడు. వొట్టి గిన్నె పొయ్యి మీదెట్టి, టీపొడి ఏసీసి, అప్పుడు నీళ్ళకి నూతి కాడికెల్లీవోడు. ఆడొచ్చేతలికి పొడి మాడిపోయీది." జున్ను పళ్ళాన్ని వేలితో కొంచెం ఇటు లాక్కుంది. "ఈ వాసనే. అచ్చం ఇదే వాసన. ఇష్టమైంది ఒగ్గమన్నారు గదా. ఇంక ఆడు కాసిన టీ ఎక్కడ్నుంచి వస్తాది? అందుకే ఒగ్గీసినాను."

కాశీ మావ చేతిలో ఉన్న ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ముక్కు తుడుచుకున్నాడు. ఆ రోజు ఆయన పొడుం పీల్చలేదు.

అప్పుడు నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ ముందు కోపమే వచ్చింది. ఆ మాడు గిన్నెలు కొత్త కోడలినైన నేను తోముతున్నప్పుడు ఒక్కరైనా చెప్పారా? తెల్లారినాక లెగుద్దువుగాని అమ్మా అని నన్ను పడుకోబెట్టింది నా సుఖం కోసమా, వాళ్ళ సుఖం కోసమా? ఈ ముక్క ఆవిడ మొదటిరోజే చెప్పి ఉంటే ఆ డబ్బా అంతా ఈయన బొజ్జలో పోసేదాన్నా? ఇన్నాళ్ళూ దిగమింగినదంతా ఒక్కసారి బయటికొచ్చేసింది.

"తాగడం ఒగ్గినావు, సరే! కాయడం కూడా ఒగ్గమన్నారేటి? వాసన సూడ్డం ఒగ్గమన్నారేటి? పొద్దున్నే ఇంకో మనిషి పక్కన కూకోడం కూడా గంగలో కలిపీమన్నారేటి? సలిపొయ్యి ముందర ఒక్కదానివే కూకోమని ఏ కాశీలో సెప్పినారు? నువ్వొక్క టీ ఒగ్గలేదత్తా. మమ్మల్నందర్నీ కూడా తీసికెల్లి అక్కడే ఒగ్గీసి వొచ్చినావు!"

అత్త మొహం మీద అలా అరిచిన కోడలు మా వీధిలో అంతవరకు లేదు. మా అత్త లేచి పాకలోకి వెళ్ళి దూడ దగ్గర కూర్చుంది. కాశీ మావ కండువా దులుపుకుని, ఎప్పుడూ లేనిది, రేపొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం మా ఆయన వచ్చి మిగిలిన జున్నంతా తిని, "శానా బాగున్నాది, ఇంకా ఉన్నాదేటి?" అని అడిగాడు. ఆయన్ని ఏమనాలో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఇంకా మసక విడవకముందే ఎవరో నా కాలి బొటనవేలు పట్టుకుని లాగారు. మా అత్త. ఆవిడ తలకి గుడ్డ లేదు.

"లెగు," అంది. "బేగి రా."

తిట్లు మిగిలున్నాయి కాబోలని వెనకాలే వెళ్ళాను. వంటింట్లో పొయ్యి మండుతోంది. కొంగ బొమ్మ డబ్బా బోర్లించి ఉంది, ఆఖరి పుల్ల వరకు దులిపేసినట్టుంది. పక్కనే కొట్టు టీపొడి పొట్లం. ఆవిడ ఎప్పుడు తెప్పించిందో, ఎవరి చేత తెప్పించిందో నేను అడగలేదు. కళాయి గిన్నె వొట్టిది పొయ్యి మీద ఉంది. మా అత్త అందులో డబ్బా అడుగు ఆకూ, గుప్పెడు టీపొడీ వేసింది. వేసి, చెంబు తీసుకుని నీళ్ళకి నూతి దగ్గరికి వెళ్ళింది. వంటింట్లో బిందె నిండా నీళ్ళున్నాయి.

గిన్నెలోంచి పొగ లేచింది. మాడిపోతోందని దించబోయి ఆగిపోయాను. ఆవిడ తీరిగ్గా వచ్చి, చుయ్‌మని నీళ్ళు పోసి, బెల్లం వేసి, కాసిని పాలు పోసింది. రెండు స్టీలు గ్లాసుల్లో వడకట్టింది. ఒకటి నా ముందు పెట్టింది. పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

తాగాను. జపాను వాళ్ళ టీకి అది ఏ దేశంలోనూ చుట్టం కాదు. ఆ ఓడ వంటవాడు చూస్తే ఏడ్చేవాడు.

"ఎలాగున్నాది?" అంది.

"సేదు. నోరంతా మాడు. పాలు సాలవు. ముందు నీళ్ళెట్టి, మరిగినాక పొడి ఎయ్యాల గదత్తా!"

మా అత్త నవ్వింది. నేనా ఇంట్లో కాలు పెట్టాక ఆవిడ నవ్వగా చూసిందే తక్కువ.

"నానూ రోజూ మీ మావతో ఇదే సెప్పీదాన్ని. సచ్చీదాకా ఒక్కనాడూ ఇన్నాడు కాడు."

అని రెండో గ్లాసు కూడా నా ముందుకి జరిపింది.

"ఇది నాది. ఇదీ నువ్వే తాగీ."